చల్లటి బిళ్ళలు

పగబట్టిన మనిషి పళ్లు కొరుకుతాడనీ, కత్తి నూరుతాడనీ అంటారు గానీ అదంతా ఉత్తమాట. నర్సింహులు పదకొండేళ్లు పగబట్టాడు. ఆ పదకొండేళ్లూ వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, పిలిచినవాళ్ల పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు కూడా వేశాడు. పొద్దున లేవగానే మాత్రం, కొందరు దేవుణ్ని తలుచుకున్నట్టు, ఒక్కసారి రాజారావు మొహం తలుచుకునేవాడు. ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు.

సంగారెడ్డిలో అతన్ని బ్లాకు నర్సింలు అంటారు. ఆ పేరు ఎప్పుడొచ్చిందో అతనికి వారంతో సహా గుర్తే. అరవై మూడు ఏప్రిల్, ఆదివారం. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న డేరా టాకీసులో గేటు పని. దానికి మేనేజరు రాజారావు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, బుగ్గన మీఠా పాను. కొత్త బొమ్మ పడ్డ రోజున కిటికీ తెరవకముందే ఆయన బెంచీ టికెట్లు రెండు కట్టలు విడిగా తీసి, డేరా వెనక నుంచి నర్సింహులుకు అందించేవాడు. అర్ధరూపాయి టికెట్టు రూపాయికి అమ్మాలి. పైన వచ్చిన ఎనిమిదణాల్లో ఆయనకు ఏడు, ఇతనికి ఒకటి. ఒళ్లు వంచేది ఇతనూ, జేబు నింపుకునేది ఆయనా.

ఆ ఆదివారం కొత్తగా వచ్చిన ఎస్సై మామూలు బట్టల్లో వచ్చి నర్సింహులు చెయ్యి పట్టుకున్నాడు. జనం మూగారు. నర్సింహులు దిక్కుతోచక మేనేజరు వైపు చూశాడు. రాజారావు తాపీగా పాను ఉమ్మేసి దగ్గరికొచ్చాడు. "ఇసొంటోళ్ల వల్లనే సార్, గరీబోళ్లకు టికెట్ దొరకకుండ అయితున్నది," అన్నాడు అందరికీ వినపడేలా. అంతటితో ఆగాడా మహానుభావుడు? మిగిలిన టికెట్లు తన చేత్తోనే దారానికి గుచ్చి, దండ చేసి, నర్సింహులు మెడలో వేశాడు. పోలీసులు అతన్ని ఆ దండతోనే బస్టాండు దాకా నడిపించారు.

బస్టాండులో అతని తల్లి మల్లవ్వ కూరగాయలు అమ్మేది. ఇరవై ఏళ్ల అడ్డా అది. ఆమె కొడుకును చూసి ఏడవలేదు, తిట్టలేదు. గంప మీద గోనెపట్టా కప్పి, నెత్తిన పెట్టుకొని ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ అక్కడ కూర్చోలేదు. గల్లీ గల్లీ తిరిగి అమ్మింది. ఎండల్లో తిరిగి తిరిగి మూడో ఏడు మంచం పట్టింది. పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచి, "గా దండ ఏసినోన్ని మర్వకు కొడకా," అంది. కొందరు తల్లులు కొడుక్కి పొలమో పుట్రో ఇచ్చి పోతారు. మల్లవ్వ దగ్గర ఇదొక్కటే ఉంది, ఇదే ఇచ్చింది.

బ్లాకు అనే పేరు మెడలో ఉన్నవాడికి గేటు పని కాదు గదా, గొడ్లు కాసే పని కూడా ఎవరూ ఇవ్వలేదు. నర్సింహులు బావులు తవ్వాడు, మూటలు మోశాడు, కొండాపూర్ వైపు చెరుకు బండ్లు తోలాడు. డెబ్బై రెండులో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ మొదలైంది. వాడకట్టులో ఉండే సంగయ్య అందులో బాయిలరు పనికి కుదిరాడు. సంగయ్య ఒకప్పుడు సంగారెడ్డి కుస్తీ తాలీములో పేరున్న వస్తాదు. యాభై ఐదు దాటినా భుజాలు తలుపు చెక్కల్లా ఉండేవి. ఆయన మేనేజరు ముందు నిలబడి, "ఈ పోరడు దొంగ కాదు సార్. వీడు తప్పు జేస్తే నన్ను తీసెయ్యిండ్రి," అన్నాడు. ఆ ఒక్క మాట మీద నర్సింహులుకు ఉద్యోగం వచ్చింది.

పని చిన్నదే. గేటు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్ద చెక్కబోర్డు, దానికి నాలుగు వందల పన్నెండు మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. మనిషి పనిలోకి వస్తూ తన బిళ్ళ తీసి డబ్బాలో వేస్తే ఆ రోజు హాజరు. మేకుకే వేలాడుతుంటే నాగా. డబ్బాలో పడ్డవాటిని లెక్కరాసుకొని మళ్లీ మేకులకు తగిలించడం నర్సింహులు వంతు. రెండేళ్లలో నంబరు చెబితే మనిషిని, మనిషిని చెబితే నంబరును కళ్లు మూసుకొని చెప్పేవాడు. బ్లాకు అనే మాట అక్కడ సంగయ్య తప్ప ఎవరూ ఎరగరు. బతుకు ఒక గాడిన పడింది అనుకున్నాడు.

డెబ్బై నాలుగు జనవరిలో ఆ ఫ్యాక్టరీకి కొత్త వెల్ఫేర్ ఆఫీసరు వచ్చాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, జేబులో పెన్నులు మాత్రం అవే రెండు. రాజారావు గేటు దగ్గర ఆగి, బిళ్ళల బోర్డు ముందున్న మనిషిని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఏం బ్లాకు నర్సింలు, ఇంకా గేటు కాన్నే ఉన్నవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. మధ్యాహ్నానికి ఆ పేరు క్యాంటీను దాకా పాకింది. వాడే వెతుక్కుంటూ వచ్చాడే అమ్మా, అనుకున్నాడు నర్సింహులు లోపల.

ఏప్రిల్ వచ్చింది. సంగారెడ్డి మైదానంలో కుస్తీ అని గోడలనిండా కాయితాలు అంటించారు. పంజాబు నుంచి జోరావర్ అనే పహిల్వాను, కొల్హాపూర్ నుంచి ఇంకొకడు. నేల రూపాయి, బెంచీ మూడు, బరి పక్కనే కుర్చీ ఐదు. కుర్చీలు ఒక్క పూటలో అయిపోయాయి. చుట్టూ దడి కట్టడానికి ఫ్యాక్టరీ వాళ్లు రేకులూ పైపులూ ఎరువిచ్చారు. అందుకు బదులుగా కుస్తీ పెట్టించేవాళ్లు ఇరవై కుర్చీ టికెట్లు ఊరికే ఇచ్చి, పనివాళ్లకు పంచండి అన్నారు.

ఊరికే వచ్చినవి ఊరికే పంచితే రాజారావు రాజారావు ఎందుకవుతాడు? లక్కీ డ్రా అని, అందరి బిళ్ళలూ డ్రమ్ములో పోసి ఇరవై తీస్తామని నోటీసు పెట్టించాడు. మనిషికి రూపాయి. అది కూడా అడిగి తీసుకోలేదు, జీతంలోంచే కోశాడు. నాలుగు వందల పన్నెండు రూపాయలు సంక్షేమ నిధికట.

క్యాంటీనులో దీనిమీద పెద్ద రచ్చ. అదృష్టముంటే రూపాయికి ఐదు రూపాయల కుర్చీ అని కొందరు మురిశారు. నర్సింహులు మామూలుగా నోరు విప్పడు. ఆ రోజు విప్పాడు. "నేను అర్ధరూపాయి టికెట్ రూపాయికి అమ్మిన, దొంగనయిన. కానీ నాకాడ కొన్నోడు బొమ్మ సూసి పోయిండు. ఈడ నాలుగు వందల మంది పైసలిస్తే ఇరవై మందే సూస్తరు. మిగిలినోళ్లకు పైసల్లెవ్వు, కుస్తీ లేదు. ఏది బ్లాకు?"

వెనక టీ తాగుతున్న రాజారావుకు అది వినపడింది. "బ్లాకంటే పైసలున్నోనికే టికెట్," అన్నాడు తీరిగ్గా. "డ్రా అంటే స్వీపరుకూ మేనేజరుకూ ఒకటే చాన్సు. నువ్వు టికెట్ అమ్మినవ్. నేను ఆశ ఇస్తున్న. సర్కార్లే లాటరీలు నడుపుతుంటే నీకేంది నొప్పి?" అందరూ తలలూపారు. మాట బాగుంటే తలూపడానికి ఖర్చేముంది?

ఆ సాయంత్రం నర్సింహులు ఇంటికి వెళ్లేసరికి సంగయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. పది అడుగులు దాటితే అంతా పొగే. బాయిలరు మీటరు కూడా వేలితో తడిమి చూసుకుంటున్నాడని ఎవరికీ తెలియదు, నర్సింహులుకు తప్ప.

"నేల టికెట్ నాకు పనికిరాదు బిడ్డ," అన్నాడు సంగయ్య. "ఆడికెళ్లి నాకు మనుషులే కండ్లవడరు. కుర్సీలనైతే బరి పక్కనే. పట్టు ఎట్ల పడుతడో, ఎట్ల ఇడిపిస్తడో కొంతన్న కండ్లవడతది. ఒక్క కుస్తీ సూస్తే సాలు, ఇగ కండ్లు పోయినా రంది లేదు. నా బిల్ల ఎల్తదంటవా?"

"ఎల్తది కాకా," అన్నాడు నర్సింహులు. ఆయన బిళ్ళ నంబరు యాభై ఏడు.

డ్రా శుక్రవారం సాయంత్రం. కుస్తీ ఆదివారం. గురువారం రాజారావు నర్సింహులును తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"పాతది మనసుల పెట్టుకోలేదు గద?"

"ఎప్పటిదో సార్. మర్శిపోయిన."

రాజారావు ఒక కాగితం తీశాడు. ఇరవై నంబర్లు. స్టోర్సు గుమాస్తా, ఆయన బావమరిది, టైపిస్టు, అందరూ ఆయన మనుషులే. "ఎండకు బోర్డు మీది బిళ్ళలు కాలిపోతుంటయి. ఈ ఇరవై పొద్దుగాలనే తీసి, టిఫిన్ డబ్బల పెట్టి, మందులు పెట్టే కోల్డ్ రూముల దాచిపెట్టు. నాలుగింటికి ఆఖర్ల డ్రమ్ముల కలుపు. చల్లగ తగిలినవి నేను తీస్త. వీళ్లు టికెట్లు నాకే ఇచ్చేస్తరు. సంగారెడ్డి బజారుల షావుకార్ల కాడ ఇరవై ఐదు చొప్పున తీసుకున్న. నీకు ముప్పై. మనకు పాత అలవాటే గద."

"మీ ఉప్పు తిన్నోన్ని సార్," అన్నాడు నర్సింహులు.

బయటికొచ్చి షెడ్డులో కూర్చున్నాడు. దొంగ చేతికి తాళం చెవి ఇవ్వడం విన్నాడు గానీ, పిలిచి తలుపేసి మరీ ఇస్తారని అతను వినలేదు. పెద్ద మేనేజరు దగ్గరికి పోయి చెబితే? బ్లాకు నర్సింలు మాట ఎవడు నమ్ముతాడు? నమ్మినా డ్రా ఆగిపోతుందంతే, రాజారావు వెంట్రుక కూడా ఊడదు. కోల్డ్ రూము జోలికే పోకుండా అన్ని బిళ్ళలూ వెచ్చగా డ్రమ్ములో పోస్తే? అప్పుడది నిజమైన డ్రా అవుతుంది. కానీ రాజారావు మనుషులు ఇద్దరో ముగ్గురో అందులో తగలొచ్చు. ఒక్కడు తగిలినా నర్సింహులుకు సమ్మతం కాదు. పదకొండేళ్ల ఆకలి అది, ఎంగిలి మెతుకులతో తీరేది కాదు.

శుక్రవారం పొద్దున కాగితంలోని ఇరవై బిళ్ళలు తీసి తన సద్ది మూటలో కట్టేశాడు. వాటి బదులు తానే ఇరవై ఏరాడు. రాజారావు తలెత్తి చూడనివాళ్లూ, ఎదురైతే ముక్కు మూసుకునేవాళ్లూ. ఊడ్చేవాళ్లు, బాసాన్లు తోమేవాళ్లు, యాసిడ్ డ్రమ్ములు దొర్లించేవాళ్లు. పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యో దానికి చెయ్యి యాభై ఏడు దగ్గరికి పోయింది.

బిళ్ళ మేకు మీంచి తీశాడు కూడా. అరచేతిలో పెట్టుకొని ఆలోచించాడు. సంగయ్య తన మనిషని ఫ్యాక్టరీ అంతా తెలుసు. యాభై ఏడు వస్తే రాజారావు వేలు సూటిగా తన మీదికే వస్తుంది. పని మొత్తం పాడవుతుంది. కాకకు ఇంకోసారి ఎట్లాగో చూపించవచ్చు, కుస్తీలు లేకుండా పోతాయా? ఆ బిళ్ళను మళ్లీ మేకుకు తగిలించి, ఇంకొకటి తీశాడు. ఆ ఇరవైనీ టిఫిన్ డబ్బాలో పెట్టి కోల్డ్ రూములో దాచాడు. కళ్లు పోతున్న మనిషికి ఇంకోసారి అన్నది ఎక్కడుంటుందని అతనికి ఆ పూట తట్టలేదు. తట్టినా విని ఉండేవాడు కాదు, ఉన్నమాట చెప్పుకోవాలంటే.

నాలుగింటికి షిఫ్టు మారే వేళ అందరూ షెడ్డు ముందు చేరారు. కడిగి ఆరబెట్టిన ఇనప డ్రమ్ము స్టూలు మీద పెట్టారు. నర్సింహులు బోర్డు మీది బిళ్ళలన్నీ పోశాడు. వాటిపైన టిఫిన్ డబ్బాలోవి కుమ్మరించాడు. రాజారావుకు అప్పుడొక తమాషా తోచింది. "మన వస్తాదు కలుపుతడు. ఆయన చెయ్యి కన్నా నమ్మకమైన చెయ్యి ఎవరిది?" అన్నాడు. సంగయ్య సంబరంగా చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా డ్రమ్ములో పెట్టి తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక క్షణం ఆగాడు. నర్సింహులు నిలబడ్డ వైపు మొహం తిప్పాడు. ఆ కళ్లకు ఏం కనిపించిందో గానీ, మళ్లీ కలిపి, చెయ్యి తీసి పక్కకు జరిగాడు.

రాజారావు చెయ్యి పెట్టాడు. కాసేపు వెతికి ఒకటి తీసి, రుమాలుతో దుమ్ము తుడిచినట్టు తుడిచి చదివాడు. "రెండు వందల పద్దెనిమిది."

"స్వీపరు ముత్యమ్మ," అన్నాడు నర్సింహులు రిజిస్టరు చూసి.

ముత్యమ్మ చీపురు కింద పెట్టి, "నేనా?" అంది. నవ్వులు, చప్పట్లు. రాజారావు కూడా నవ్వాడు, పొరపాటున వేరేది తగిలిందేమో అనుకుంటూ. రెండోది తీశాడు. క్యాంటీనులో బాసాన్లు తోమే ఎంకమ్మ. మూడోది, యాసిడ్ డ్రమ్ముల ఏలీయా. నాలుగోది తీసేటప్పుడు ఆయన నవ్వు ఆగింది. ఐదోదానికి మొహంలో నెత్తురు చుక్క లేదు. చల్లటివి తగులుతూనే ఉన్నాయి. తనవాళ్లవి వాటిలో ఎక్కడో ఉంటాయని ఆశ. ఆశకే కదా ఆయన మనిషికి రూపాయి కోసింది, ఇప్పుడు ఆ ఆశే ఆయన చెయ్యి పట్టుకొని ఆడించింది. ఇరవై బిళ్ళలు తీశాడు. ఇరవై మంది ఊడ్చేవాళ్లూ మోసేవాళ్లూ వచ్చి ఆయన చేతుల మీదుగా కుర్చీ టికెట్లు తీసుకున్నారు. తేలు కుట్టిన దొంగ అరుస్తాడా? వంగి వంగి అందరికీ ఇచ్చాడు.

పెద్ద మేనేజరు అయితే మురిసిపోయాడు. ఇంత న్యాయమైన డ్రా తాను చూడలేదన్నాడు.

రాజారావు నర్సింహులును గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నువ్వే మార్చినవ్."

"ఏం మార్చిన సార్? ఎందుకు మార్చిన?" అన్నాడు నర్సింహులు. "పదుండ్రి బయటికి, ఏం జరిగిందో నలుగుర్ల మీరే చెప్పుండ్రి. నేను ఒప్పుకుంట."

రాజారావు కుర్చీలో కూలబడ్డాడు. నర్సింహులు సద్ది మూట విప్పి, ఆయన మనుషుల ఇరవై బిళ్ళలూ ఒక్కొక్కటే బోర్డు మేకులకు తగిలించి ఇంటికి వెళ్లాడు. అన్నం రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు.

శనివారం పొద్దున ముత్యమ్మా ఇంకో నలుగురూ షెడ్డు దగ్గరికి వచ్చారు. చెప్పడానికి సిగ్గుపడుతూ నిలబడ్డారు.

"కుస్తీ సూసి మేమేం జేసుకుంటం అన్నా," అంది ముత్యమ్మ. "షావుకార్లు ఎక్కువిచ్చి కొంటున్నరంట గద. నీకు గా పని ఎర్క. ఎంతకు అమ్మాలె జెర సెప్పు."

నర్సింహులుకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. "ఇరవై ఐదుకు తక్కువ ఇయ్యకు," అన్నాడు. "ముందుగాల్నే చూపియ్యకు. ఆట మొదలువెట్టే టయానికి రేటు ఎక్కుతది. ఎవలు బతిమిలాడినా తగ్గకు."

ఆ సాయంత్రం అతను రాజారావు బస్సు దిగే వేళకు బస్టాండుకు వెళ్లాడు. తల్లి కూర్చునే చోట ఇప్పుడెవరో ఆకుకూరలు అమ్ముతోంది. ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. పటాన్‌చెరు బస్సు దిగీ దిగగానే రాజారావును బట్టల షావుకారు పట్టుకున్నాడు. వెంట ఇంకో నలుగురు. టికెట్లు ఏవని ఒకడు, పైసలు ఏవని ఒకడు. పైసలు అప్పటికే ఎక్కడో పెట్టేశాడు కాబోలు, రాజారావు చేతులు పిసుక్కున్నాడు. షావుకారు చొక్కా గల్లా పట్టి గుంజితే రెండు పెన్నులూ కింద పడ్డాయి. జనం మూగారు. ఏమైంది, ఏమైంది అని ఒకరినొకరు అడుగుతున్నారు.

నర్సింహులు లేచి ముందుకు వచ్చాడు. "ఇసొంటోళ్ల వల్లనే," అన్నాడు అందరికీ వినపడేలా, "గరీబోళ్లకు టికెట్ దొరకకుండ అయితున్నది."

రాజారావు తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. మనిషినే కాదు, మాటను కూడా గుర్తుపట్టాడు. నర్సింహులుకు కావలసింది అదే. ఒక పెన్ను కాలికింద పడితే తీసి, ఆయన చొక్కా జేబులో తానే పెట్టాడు. కడుపు చల్లబడింది. చూసినవా అమ్మా, అనుకుంటూ పావుసేరు జిలేబీ కట్టించుకొని సంగయ్య ఇంటికి పోయాడు.

సంగయ్య పొట్లం తీసుకున్నాడు గానీ విప్పలేదు.

"డ్రమ్ముల కొన్ని బిల్లలు సల్లగ తగిలినయ్ బిడ్డ," అన్నాడు. "ముప్పై ఏండ్లు మట్టిల మనుషులను పట్టిన సేతులు, ఇప్పుడు బాయిలరు కాడ ఉన్న సేతులు. ఏడి ఏందో, సలి ఏందో నాకు సెప్పనవసరం లేదు. రాజారావు మోసం జేస్తున్నడనుకున్న. ముత్యమ్మ పేరు వచ్చినంక ఎవల పనో సమజయింది."

"వాడు మా అమ్మను చంపిండు కాకా."

"ఎర్కనే. వానికి గట్లనే కావాలె. నేను అడిగేది గది కాదు." సంగయ్య మొహం అతని వైపు తిప్పాడు. "నా బిల్ల సల్లగ ఉండెనా, ఎచ్చగ ఉండెనా?"

నర్సింహులు అబద్ధం చెబుదామని చూశాడు, ఆ గుడ్డి కళ్ల ముందు అది రాలేదు.

"ఎచ్చగ," అన్నాడు చివరికి. "నీది వస్తే నా మీద అనుమానం వస్తదని..."

"అన్ని ఎచ్చగనే ఉంచకపోతివి బిడ్డ? గంత మందిల నాకు ఒక్క ఆసర అన్న ఉంటుండె. వాడు నా రూపాయి దీస్కపోయిండు. నువ్వు నా వంతే దీస్కపోయినవ్." ఆయన జిలేబీ పొట్లం అతని చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం మైదానం దగ్గర నర్సింహులు ముత్యమ్మను వెతికి పట్టుకున్నాడు. ఆమె టికెట్టు ఒక్కటే మిగిలింది, రేటు ఎక్కేదాకా ఆగమన్నది అతనే కదా. పదిహేను ఇస్తానన్నాడు. ఇరవై అన్నాడు.

"నువ్వే సెప్తివి గద అన్నా, ఎవలు బతిమిలాడినా తగ్గొద్దని," అంది ముత్యమ్మ నొచ్చుకుంటూ. "మా బిడ్డకు లంగా కుట్టియ్యాలె."

నర్సింహులు నెల జీతం తొంభై. ఇరవై ఐదూ లెక్కపెట్టి ఇచ్చాడు. బ్లాకులో టికెట్టు కొనడం అతనికి అదే మొదలు.

సంగయ్య దడి బయట ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు, డోలు చప్పుడు వినడానికి వచ్చాడు. నర్సింహులు టికెట్టు ఆయన చేతిలో పెట్టాడు. సంగయ్య దాన్ని బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు.

"ఎంతకు తెచ్చినవ్?"

"ఎంతకైతేంది కాకా, లోపలికి పో. మొదలువెడుతున్నరు."

"ఇది నాకు ఎల్లింది కాదు," అని సంగయ్య టికెట్టు తిరిగి ఇచ్చేశాడు. "నేను ఈడనే ఇంట. నువ్వు పో."

నర్సింహులు పోలేదు. లోపల డోళ్లు మొదలయ్యాయి, జనం హోరుమన్నారు. దడి పక్కన టికెట్టు చేత్తో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అట్లా నిలబడ్డ మనిషిని ఎవరైనా ఏమనుకుంటారు? తెల్ల చొక్కా వేసుకున్న ఒకడు పరుగున వచ్చాడు.

"బ్లాకా అన్నా? కుర్చీయేనా? ఎంత?"

నర్సింహులు టికెట్టు మీద అచ్చేసిన ధర చెప్పాడు. "ఐదు రూపాయలు."

వాడు టికెట్టు తీసుకొని వెనకా ముందూ తిప్పి చూశాడు. నర్సింహులు మొహం కూడా చూశాడు. "గింత అగ్గువకు ఎవడిస్తడు? దొంగ టికెట్టు," అని అతని చేతిలో పెట్టేసి, ఇంకొకణ్ని వెతుక్కుంటూ పోయాడు. కుస్తీ అయిపోయేదాకా నర్సింహులు ఆ టికెట్టుతో సంగయ్య పక్కనే నిలబడ్డాడు.